జబ్బుమనిషి కోసం కీర్తనలు: జేబు పుస్తకం చాలుతుందా?

కడపలోని క్రైస్తవ పుస్తకాల అంగళ్లలో కొత్త నిబంధన వెనక కీర్తనలు చేర్చి కుట్టిన చిన్న పుస్తకం దొరుకుతుంది. దీన్ని ఒక్క పనికే తూచి చూశాం. యూదులు కీర్తనల గ్రంథాన్ని తెహిల్లీమ్ అంటారు. ఎవరైనా జబ్బుపడితే వాళ్ల ఆడవాళ్లు దాన్ని పంచుకుని చదువుతారు. ఆ పద్ధతిని మన స్త్రీల సహవాసాల్లో పాటించాలనుకునేవాళ్లకు ఈ పుస్తకం సగమే పనికొస్తుంది.

ఒక్కరే చదివేటట్టయితే ఏ లోటూ లేదు. రోగుల కోసం ఎక్కువగా తీసే 20, 30, 121, 130, 142 కీర్తనలు కలిపితే 44 వచనాలే. హెబ్రీ లెక్కలో 20, 30, 142లకు పైనున్న శీర్షిక కూడా ఒక వచనం కాబట్టి ఆ మూడింట్లో అంకె ఒకటి పెరుగుతుంది. తప్పు అచ్చయిందని కంగారుపడొద్దు.

చిక్కంతా పంపకంలోనే. యూదుల దగ్గర 150 కీర్తనలనూ పల్చటి పుస్తకాలుగా విడగొట్టి పెట్టెలో పెట్టి అమ్ముతారు, తలా ఒకటి తీసుకుంటే ఒకే విడతలో గ్రంథం ముగుస్తుంది. మనది ఒకే కుట్టు, కాబట్టి ఎవరి పుస్తకం వాళ్లకుండాల్సిందే. ముప్పైమందికి తలా ఐదని పంచారో, 119 పడినామె ఒక్కదానికే 176 వచనాలు మీదపడతాయి. 117లో ఉన్నవి రెండే! యూదులు నెలలో రోజుకొకటిగా చదివే ముప్పై వంతుల విభజన పట్టుకోండి: 1వ వంతు 1–9, 2వది 10–17, 3వది 18–22, అట్లా వెళ్లి 119ని 25, 26 వంతులకు చీలుస్తారు (96వ వచనం దాకా ఒకరు, 97 నుంచి ఇంకొకరు). చివరి వంతు 145–150. ఎవరి వంతు నంబరు వాళ్లకు ఖాయం చేయండి. వాట్సాప్‌లో ప్రతిసారీ ‘నాకేది?’ అని మొదలైతే ఒకటి ఇద్దరు చదువుతారు, ఇంకొకటి మిగిలిపోతుంది.

కొనేముందు 119 తెరిచి, ఎనిమిదేసి వచనాల పైన ఆలెఫ్, బేత్ అని హెబ్రీ అక్షరాల పేర్లు వేశారో లేదో చూడండి. రోగి పేరులోని హెబ్రీ అక్షరాలను బట్టి ఆ భాగాలు చదవడం యూదుల ఆచారం. మరియ అంటే హెబ్రీలో మిర్యామ్: మేమ్ (97–104), రేష్ (153–160), యోద్ (73–80), మళ్లీ మేమ్. ఆ తరవాత కొందరు ‘కెరా సాతాన్’ అనే మాటలోని ఆరు అక్షరాల భాగాలూ చదువుతారు. సాతానును చీల్చు అని దాని అర్థం. హెబ్రీ రూపం లేని పేర్లకు శబ్దం పోల్చి అక్షరాలు అతికించడం మాకు నచ్చదు, పై ఐదు కీర్తనలే నయం.

రోగిని తల్లి పేరుతో చెప్పాలి: ‘ఎస్తేరు కూతురు మరియ’ అని. ఆధార్‌లో ఎక్కువగా ఉండేది తండ్రి పేరో మొగుడి పేరో కాబట్టి, తల్లి పేరు ఇంట్లోవాళ్లను ముందే అడిగి రాసుకోండి. మంచం పక్కనే చదవాలన్న నియమం లేదు, ఐసీయూ బయట వరండా అయినా సరే.

అచ్చు మాత్రం మరీ సన్నం. రాత్రి వార్డు వెలుతురులో అరవై దాటినవాళ్లకు ఆనదు. వాళ్లకు పెద్దక్షరాల బైబిలే కొనివ్వండి, బరువైనా.