డొంక దారుల పరుగుకు 4 మి.మీ. పళ్ళ ట్రెయిల్ షూ: 700 కిలోమీటర్ల తర్వాత

పొలాల మధ్య డొంకలో ఒక్క కిలోమీటరు పరిగెత్తితే నాలుగు రకాల నేల తగులుతుంది. ట్రాక్టరు తొక్కి గట్టిపడ్డ చక్రాల గాడులు, వాటి మధ్య గడ్డి పట్టీ, కాలవ గట్టు మీద వదులు మన్ను, తడి పారి బురదైన మలుపు. ఈ సమీక్ష అలాంటి దారికే. కొండదారుల్లో పరిగెత్తేవాళ్ళ లెక్క వేరు.

షూ కొలతలు ఇవి: అడుగున 4 మి.మీ. రబ్బరు పళ్ళు, ఎడమెడంగా. ఎత్తు మడమ కింద 27 మి.మీ., ముందు పాదం కింద 21 మి.మీ., అంటే డ్రాప్ (ఈ రెండు ఎత్తుల తేడా) 6 మి.మీ. పైన వాటర్‌ప్రూఫ్ పొర లేని మెష్ (గాలాడే జాలీ గుడ్డ), ముందు పాదం కింద పలచని రాక్ ప్లేట్, అంటే రాళ్ళు గుచ్చుకోకుండా ఆపే గట్టి పలక. ఈ దారికి బ్రాండు పేరు కన్నా ఈ కొలతలు చూసి కొనడమే మేలు.

ముందుగా పళ్ళ సంగతి. పొలాల్లో పరుగు అనగానే చాలామంది 6 మి.మీ. పళ్ళున్న బురద షూ కొంటారు. అది పొరపాటు. బురద ఉండేది కొన్ని రోజులే, మిగతా రోజులంతా నేల రాయిలా ఉంటుంది. గట్టి నేల మీద పొడవాటి పళ్ళు అడుగు అడుగుకీ పక్కకి వంగుతాయి, త్వరగా అరుగుతాయి, అరికాలికి గుచ్చుకున్నట్టుంటుంది. 4 మి.మీ. పళ్ళు వదులు మన్నులోనూ, తడి గడ్డి మీదా సరిపడా పట్టు ఇచ్చాయి.

బంకమట్టి దగ్గర మాత్రం ఏ షూ అయినా ఓడిపోతుంది. నేల బాగా నానినప్పుడు కన్నా, సగం ఆరినప్పుడే మట్టి ఎక్కువ అంటుతుంది. నానినది జారి కిందపడుతుంది, సగం ఆరినది పళ్ళ సందుల్లో పేరుకుని పలకలా గడ్డకడుతుంది. ఇక పళ్ళున్నా లేనట్టే, పైగా కాలు బరువు. పళ్ళ మధ్య ఎడం ఎక్కువున్న షూ దులుపుకుంటుంది, దగ్గరగా ఉన్నది దులుపుకోదు. షాపులో చిటికెన వేలు పళ్ళ సందులో దూర్చి చూడండి. దూరకపోతే బంకనేలకు పనికిరాదు. పరుగులో మట్టి అంటడం మొదలైతే గాడి వదిలి మధ్య గడ్డి పట్టీ మీదకి మారాలి. నాలుగడుగుల్లో సగం రాలిపోతుంది.

వాటర్‌ప్రూఫ్ రకం ఈ దారికి వద్దని గట్టిగా చెబుతాను. మంచు పట్టిన గడ్డి నీళ్ళు మెష్ మీదనుంచి కాదు, మడమ పైనుంచి, సాక్సు వెంట దిగుతాయి. ఒకసారి దిగాక ఆ పొర వాటిని బయటికి పోనివ్వదు. మామూలు మెష్ అయితే తడిసినా ఒకటి రెండు కిలోమీటర్లలో నీరు పిండేసుకుంటుంది.

చీలమండ మెలిపడేది బురదలో కాదు, వాన వెలిసి వారం గడిచాక. తడి నేల మీద ట్రాక్టరు టైరు వేసిన అచ్చులు, గొడ్ల గిట్టల గుంటలు ఎండి గట్టిపడతాయి. పాదం సగం అంచు మీద, సగం గుంటలో పడుతుంది. షూ అడుగు ఎంత మందంగా ఉంటే మెలి అంత బలంగా తిరుగుతుంది. అందుకే 35 మి.మీ. మందం మెత్తటి షూలు ఇక్కడ వద్దు. అడుగులు కురచగా, వడివడిగా వేయాలి. చివరి కన్నంలోంచి లేసు తిప్పి చిన్న ఉచ్చు చేసి, ఎదుటి లేసుని అందులోంచి లాగి బిగిస్తే మడమ లోపల కదలదు.

పల్లేరు ముళ్ళు రోజూ ఉండే బాధ. రాక్ ప్లేట్ ఉన్నచోట ఆగాయి. మడమ దగ్గర, పళ్ళ సందుల్లో పలచటి రబ్బరుని దాటి లోపలి మెత్తటి నురుగు పొరలోకి దిగాయి. ముల్లు వెంటనే కాలికి గుచ్చుకోదు. విరిగిన మొన అడుగడుగుకీ పైకి జరిగి, కొన్ని రోజులకి కాలికి తగులుతుంది. పరుగయ్యాక ఇన్‌సోల్ తీసి లోపల వేలితో మెల్లగా తడిమి చూడండి, మొన కనిపిస్తే పట్టకారుతో అడుగు వైపునుంచే లాగండి.

దుమ్ము మెష్‌లోంచి దూరుతుంది. చెమటతో కలిస్తే ఉప్పుకాగితంలా గీరుతుంది. మడమ లోపలి గుడ్డ ముందు చిరిగింది అందుకే. నూలువి కాని సాక్సులు వేసుకుని, పైన పలచటి గెయిటర్ (షూ పైఅంచునీ చీలమండనీ కప్పే గుడ్డ తొడుగు) వేస్తే బొబ్బలు బాగా తగ్గుతాయి.

బురద పట్టిన షూని వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు, ఎండలో పెట్టొద్దు. వేడికి జిగురు వదిలి అడుగు ఊడుతుంది. ఇన్‌సోల్ తీసి, లోపల కాగితాలు కుక్కి నీడన ఉంచాలి, కాగితం తడిసినప్పుడల్లా మార్చాలి. మట్టి పూర్తిగా ఆరాక రెండు షూలూ ఒకదానికొకటి కొట్టి బ్రష్‌తో దులపాలి. చేనుకి మందు కొట్టిన వాసన వస్తే ఆ రోజు వేరే దారి పట్టండి. తెలియక వెళ్ళి ఉంటే షూ, సాక్సులు విడిగా కడగాలి. కొత్తగా మట్టి పెట్టిన గట్టు మీద మాత్రం ఎవరూ పరిగెత్తకండి. ఒక్క పాదం అచ్చు చాలు, అక్కడ గట్టు తెగి నీరు పోవడానికి.

700 కిలోమీటర్లకి మడమ పళ్ళు 3 మి.మీ., బొటనవేలి కింద 2 మి.మీ. మిగిలాయి. చిటికెన వేలు వంగే చోట మెష్ చిరిగింది. ముందు పాదం పళ్ళు 2 మి.మీ.కి దిగినప్పటినుంచి తడి గడ్డి మీద మలుపు తిరిగితే జారుతోంది. ఇక ఈ జత ఎండిన దారులకే.