సర్వర్ ఇమేజ్: చాలాకాలం వాడినాక నా అభిప్రాయం

క్లౌడ్ సర్వర్ కొత్తగా తీసుకున్నవాళ్ళు ఎవరడిగినా, ముందు ఇమేజ్ తీయడం నేర్చుకోండి అంటాను. ఇమేజ్ అంటే సర్వర్ డిస్కు మొత్తానికి ఆ క్షణాన తీసిన అచ్చు కాపీ. తిరుపతిలో మా చిన్నాన్న ట్రావెల్స్ బుకింగ్ సైటు నేనే చూస్తాను. కాణిపాకం, శ్రీకాళహస్తి, వేలూరు గోల్డెన్ టెంపుల్ బండ్లన్నీ దాంట్లోనే బుక్ అవుతాయి. 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో వదిలిన రోజు తాకిడి మామూలుగా ఉండదు. అలాంటప్పుడు ఉన్న సర్వర్ ఇమేజ్ నుంచే పెద్ద మెషీన్ లేపుతాను. డిస్కు సైజు మాత్రం ముట్టుకోను, ఇమేజ్ కంటే చిన్న డిస్కులో అది దిగదు.

దీని విలువ పూర్తిగా తెలిసింది ఒక వైకుంఠ ఏకాదశి ముందు రాత్రి. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ అయ్యాక మెషీన్ బూట్ కాలేదు. కన్సోల్‌లో కెర్నల్ ప్యానిక్ అని ఆగిపోయింది. అంతలో చిన్నాన్న ఫోను: "ఒరే నాయనా, తెల్లార్తో మూడింటికి కాణిపాకం పోయే ఇన్నోవా ఎవురిదిరా? డ్రైవరు అడగతా ఉండాడు."

మధ్యాహ్నం తీసిన ఇమేజ్ ఉంది. దాన్నుంచి కొత్త మెషీన్ లేపి, పాత ఐపీ అడ్రసుని దానికి తగిలించాను. సైటు లేచింది. వెబ్ సర్వర్ ఎన్‌జింక్స్ సెట్టింగులు, ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్, పీహెచ్‌పీ అన్నీ ఎక్కడివక్కడే! ఆ క్షణాన కలిగిన ధైర్యం ఇంకే ఫీచరూ నాకివ్వలేదు.

కానీ మధ్యాహ్నం తర్వాత పడిన బుకింగులు అందులో లేవు. చిన్నాన్న అడిగిన ఇన్నోవా బుకింగు కూడా ఆ లేనివాటిలోదే.

అవి బూట్ కాని మెషీన్ డిస్కులో ఉన్నాయి. ఆ డిస్కు విడదీసి కొత్తదానికి రెండో డిస్కుగా తగిలిస్తే మౌంట్ కాదు, అంటే దాంట్లో ఫైళ్ళు తెరుచుకోవు. కొత్తది పాతదాని కాపీయే కదా, రెండింటి ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ (గుర్తింపు నంబరు) ఒకటే. మా డిస్కుల్లో ఉన్న ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్, అది ఒకే యూయూఐడీతో రెండోదాన్ని ఎక్కించుకోదు. 'నోయూయూఐడీ' ఆప్షన్ ఇచ్చాక ఎక్కింది. బుకింగులుండే డేటాబేసు మైఎస్‌క్యూఎల్ ఫోల్డరు పక్కకు కాపీ చేసి, వేరే పోర్టులో రెండో మైఎస్‌క్యూఎల్ నడిపి, మిగిలిన బుకింగులు బయటికి తీశాను. ఆ ఇన్నోవా నెల్లూరు కుటుంబానిది, రైల్వే స్టేషన్ దగ్గర పికప్. బండి టయానికే పోయింది.

కాబట్టి ఆ రాత్రి గట్టెక్కిన పేరులో సగం పాత డిస్కుకే ఇవ్వాలి. చవక ప్లాన్లు కొన్నింటిలో బూట్ డిస్కు విడదీయనివ్వరు, అప్పుడు ఇమేజ్ ఒక్కటే సరిపోదు. ఇప్పుడు డేటాబేస్ డంప్ (డేటా మొత్తం కాపీ) గంటగంటకూ వేరే చోటికి పోతుంది. ఇమేజ్ తీసేటప్పుడు మెషీన్ ఆపితే మేలు. నడుస్తుండగా తీస్తే కరెంటు పోయినప్పటి డిస్కులా ఉంటుంది, మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే ఇన్నోడీబీ మామూలుగా తన లాగ్ చూసుకుని సర్దుకుంటుంది. తిరుపతిలో అర్ధరాత్రి కూడా బండి అడిగేవాళ్ళుంటారు, కాబట్టి ఆపే వేళ దొరకడమే కష్టం.

ఇమేజ్‌లో క్రాన్ జాబులు (వేళకు వాటంతటవే నడిచే పనులు) కూడా వస్తాయి. టెస్టుకని కాపీ లేపితే అదీ యాత్రికులకు ఎస్సెమ్మెస్‌లు పంపేస్తుంది. అందుకే బయటికి పోయే నెట్‌వర్క్ మూసి లేపుతాను. సర్వర్ తీసేసినా ఇమేజ్ బిల్లు నడుస్తూనే ఉంటుంది, పాతవి ఏరి తీసేయాలి.

మాది ఒకే సర్వరు, చిన్న డేటాబేసు, కాసేపు ఆగినా ఫోన్లో సర్దుకునే వ్యాపారం. అందుకే మాకు ఇది బాగా సరిపోయింది. నిమిషం డేటా పోయినా నష్టపోయేవాళ్ళు రెప్లికేషన్ (డేటా ఎప్పటికప్పుడు ఇంకో సర్వరుకి కాపీ అవడం) పెట్టుకున్నాకే దీని జోలికి రావాలి.