కౌన్సెలింగ్‌కు వెళ్లడమా, ఫోన్‌లోనే మాట్లాడటమా: ఏది మేలు?

ఆన్‌లైన్ కౌన్సెలింగ్ అసలు పనిచేస్తుందా అని ఇప్పటికీ అడుగుతుంటారు. పనిచేస్తుంది. 2018లో స్వీడన్‌కు చెందిన మనస్తత్వవేత్త పెర్ కార్ల్‌బ్రింగ్, ఆయన సహచరులు 20 అధ్యయనాలను కలిపి చూశారు. డిప్రెషన్, ఆందోళన లాంటి ఇబ్బందుల్లో ఇంటర్నెట్ ద్వారా ఇచ్చిన సీబీటీకీ, ఎదురుగా కూర్చోబెట్టి ఇచ్చినదానికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సీబీటీ అంటే మన ఆలోచనల తీరునూ అలవాట్లనూ పట్టుకుని కొద్దికొద్దిగా మార్చుకునే పద్ధతి. 1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ వేసిన దారి అది. అయితే ఇక్కడో మెలిక ఉంది. ఆ అధ్యయనాల్లోని జనం క్రమం తప్పకుండా పాఠాలు చదివి, అభ్యాసాలు చేసి, థెరపిస్టు సాయంతో ముందుకెళ్లారు. అర్ధరాత్రి యాప్ తెరిచి నాలుగు మెసేజ్‌లు పెట్టడం వేరు. ప్రకటనలు మాత్రం రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతాయి.

అందుకే ఏది మేలో చెప్పేముందు నేను చూసేది ఒకటే: మాట్లాడేటప్పుడు మీరు ఎక్కడ కూర్చుంటారు, తలుపు అవతల ఎవరుంటారు?

ఆఫీసు టెన్షన్, నిద్ర పట్టకపోవడం, పరీక్షల భయం లాంటివైతే ఇంట్లోంచి వీడియో కాల్ బాగానే సరిపోతుంది. ఎవరైనా విన్నా కొంపలేం మునగవు. కానీ చెప్పుకోవాల్సింది ఇంట్లోవాళ్ల గురించే అయితే సంగతి మారిపోతుంది. పక్క గదిలో భర్త టీవీ చూస్తుంటే భార్య గొంతు తగ్గించి మాట్లాడుతుంది. గొంతుతోపాటు మాటలూ తగ్గిపోతాయి. అడిగినదానికి ‘పర్లేదండీ, బానే ఉంది’ అంటుంది. కౌన్సెలర్‌కు ఆమె ముఖం కనిపిస్తుంది కానీ తలుపు కనిపించదు. ఇలాంటివాళ్లు కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడమే మంచిది. కుదరకపోతే ఆగి ఉన్న కారులోనో, జనం లేని చోట నడుస్తూనో మాట్లాడాలి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అవతలివాళ్ల మాటలు బయటికి వినపడవంతే, మీ మాటలు వినపడతాయి.

నేరుగా వెళ్లడంలో ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. దారి. వెళ్లేటప్పుడు ఏం చెప్పాలో మనసులో ఒక కొలిక్కి వస్తుంది. వచ్చేటప్పుడు ఏడ్చిన కళ్లు ఆరతాయి. ఆన్‌లైన్‌లో ఆ వెసులుబాటు ఉండదు. యాభై నిమిషాలు ఎవరి గురించి గుండె బరువు దించుకున్నారో, కాల్ కట్ చేసిన మరుక్షణం వాళ్లే ఎదురుపడి ‘చార్జర్ ఎక్కడుంది?’ అంటారు. సెషన్ అయ్యాక ఇరవై నిమిషాలు ఏ పనీ పెట్టుకోకండి.

భార్యాభర్తల గొడవలకైతే, వీలున్నంతవరకు, నా ఓటు నేరుగా వెళ్లడానికే. ఇద్దరూ ఒకే ఫోన్ ముందు ఇరుక్కుని కూర్చుంటే ఒకరి భుజం, ఇంకొకరి సగం ముఖమే తెర మీద ఉంటాయి. బల్ల కింద ఊగే కాలు, పిడికిలి బిగించిన చెయ్యి కౌన్సెలర్ కంట పడవు. వేర్వేరు చోట్ల నుంచి కలిసినా తిప్పలే. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే వీడియో కాల్ చాలాసార్లు పెద్ద గొంతునే ముందుకు తెచ్చి, చిన్న గొంతును మింగేస్తుంది. ఇంట్లో ఏం జరుగుతోందో అక్కడా అదే! గదిలోనైతే కౌన్సెలర్ చెయ్యెత్తి ‘ఒక్క నిమిషం, ముందు ఆవిణ్ణి చెప్పనివ్వండి’ అని ఆపగలరు. ఒకరు వేరే దేశంలో ఉంటే మాత్రం వీడియోకు మించిన దారి లేదు. ఏమీ లేనిదానికంటే అది ఎంతో నయం.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే జంట కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టకూడదు. గదిలో వద్దు, తెర మీదా వద్దు. సెషన్‌లో నోరు విప్పినందుకు తర్వాత ఇంట్లో దెబ్బలు తినాల్సి రావచ్చు. ముందు ఒంటరిగా, సురక్షితమైన చోటు నుంచి సాయం అడగాలి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే వచ్చే వారం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. వెంటనే హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి, లేదా ఆసుపత్రికి వెళ్లాలి.

ఫోన్ కాల్‌ను జనం చిన్నచూపు చూస్తారు. నాకైతే వీడియో కంటే అదే నచ్చుతుంది. వీడియోలో కళ్లు పదేపదే మన ముఖం వైపే పోతాయి, ఏడుస్తూ కూడా ఎలా కనిపిస్తున్నామో చూసుకుంటాం. వీడియోనే ఎంచుకుంటే మన బొమ్మ మనకు కనపడకుండా దాచే సెట్టింగ్ ఉంటుంది, వాడుకోండి. ఫోన్‌లో చిక్కు మౌనంతోనే. గదిలో రెండు నిమిషాలు ఊరుకుంటే లోపల ఏదో కదులుతుంది. ఫోన్‌లో పది సెకన్లకే ‘హలో, వినపడుతోందా?’

చాట్‌కు ఒక్కటే పెద్ద గుణం: నోటితో చెప్పలేనిది వేళ్లతో చెప్పగలం. తెర చాటున మనుషులు మామూలుకంటే ఎక్కువ బయటపడతారని మనస్తత్వవేత్త జాన్ సూలర్ 2004లో రాశారు. సిగ్గుతోనో భయంతోనో ఏళ్లుగా దాచుకున్న సంగతిని మొదటిసారి చెప్పడానికి చాట్ మంచిదే. కానీ అక్కడే ఆగిపోకూడదు. ‘సరే’ అన్నది కోపంతోనో నీరసంతోనో అక్షరాల్లో తెలియదు.

మనిషిలా జవాబులిచ్చే ప్రోగ్రామ్‌లు, అంటే బాట్‌ల సంగతి క్లుప్తంగా. 1966లో కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే చిన్న ప్రోగ్రామ్ రాస్తే, దానితో మాట్లాడేటప్పుడు ఆయన సెక్రటరీ ఆయన్నే గది బయటికి వెళ్లమన్నారట. ఇప్పటివి అంతకన్నా ఎంతో తెలివైనవి. కుదుటపడటానికి నాలుగు మాటలు రాసుకోవచ్చు గానీ, బాట్‌ను కౌన్సెలర్ అనుకోవద్దు.

ఇక గుట్టు. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ బెటర్‌హెల్ప్ అనే పెద్ద ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ చేత 78 లక్షల డాలర్లు కట్టించింది. వినియోగదారుల సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటివాటితో పంచుకుందన్నది ఆరోపణ. కాబట్టి యాప్ మొదట్లో అడిగే ప్రశ్నలకు గబగబా జవాబులు కొట్టేయకండి. అవి మీ కౌన్సెలర్ ఒక్కరికే చేరతాయన్న భరోసా లేదు.

మొదటి ఆన్‌లైన్ సెషన్‌లో కౌన్సెలర్ ముందుగా ఏం అడుగుతారో గమనించండి. మీరిప్పుడు ఎక్కడున్నారు, పక్కన ఎవరైనా ఉన్నారా, లైన్ తెగిపోతే ఏ నంబరుకు చేయాలి, అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి... పని తెలిసినవాళ్లు వీటితోనే మొదలుపెడతారు. ఇవేమీ అడగకుండా నేరుగా ప్యాకేజీల గురించి చెబుతుంటే ఇంకొకరిని చూసుకోండి.