పోర్షే కరెరా జీటీ: కొంటే నడపండి, దాచడానికైతే కొనొద్దు

నా మాట ముందే చెప్పేస్తాను. పోర్షే కరెరా జీటీ కొనగలిగినవాళ్లు దాన్ని నడపాలి. రోజూ ఆఫీసుకి కాదు, కానీ నెలకి రెండు మూడు సార్లైనా, ఇంజన్ ఆయిల్ బాగా వేడెక్కేదాకా, మంచి రోడ్డు మీద నడపాలి. కవర్ కప్పి, బ్యాటరీకి చార్జర్ తగిలించి, పదేళ్ల తర్వాత వేలంలో అమ్ముకుందాం అనుకునేవాళ్లు ఇంకేదైనా కొనుక్కోవడం మంచిది. ఎందుకంటే ఈ కారు ఊరికే నిలబెడితే పాడవుతుంది, పైగా ఆ పాడవడం మీటర్‌లో ఎక్కడా కనిపించదు.

నేనుండేది కాలిఫోర్నియా బే ఏరియాలో. కారు నాది కాదు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ కంపెనీ పెట్టి, అది అమ్మేసిన ఒక అన్న కొన్నారు. కొనేముందు బళ్లు చూడటానికి నన్ను వెంట తీసుకెళ్లారు, కొన్నాక తాళం చేతిలో పెట్టి నడిపి చూడమన్నారు. ఇలాంటి కారు మీద ఎవరు ఏం రాసినా చివరికి "ఇది పెట్టుబడి" అనే మాట దగ్గరే ఆగుతున్నారు. నాకది నచ్చదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

కొంచెం పుట్టుక సంగతి చెప్పాలి. 1990ల చివర్లో పోర్షే ల మాన్ 24 గంటల రేసు కోసం వీ10 (పది సిలిండర్ల) ఇంజన్‌తో ఒక కారు తయారుచేసి, రేసుకి పంపకుండానే ఆ ప్రాజెక్టు ఆపేసింది. ఇంజన్ మాత్రం మిగిలింది. 2000లో ప్యారిస్ మోటార్ షో సమయంలో ఆ ఇంజన్ చుట్టూ కట్టిన కరెరా జీటీ కాన్సెప్ట్‌ని (నమూనా కారుని) లూవ్ర్ మ్యూజియం దగ్గర చూపించారు. దాన్ని అక్కడికి ట్రక్కులో తేలేదు, ర్యాలీ చాంపియన్ వాల్టర్ రోల్ తెల్లవారుజామున, వాన పడుతుంటే, ప్యారిస్ వీధుల్లో నడుపుకుంటూ తెచ్చాడు. అప్పటికి అలాంటి కారు ఇంకోటి లేదు. తయారుచేసినవాళ్లే ఉన్న ఒక్క కారుని వానలో బయటికి తీసినప్పుడు, 1,270 కార్లలో ఒకటి కొన్నవాళ్లు మబ్బు పడితే గరాజ్ తలుపు తియ్యకపోవడం నాకు అర్థం కాదు.

లైప్‌జిగ్ ఫ్యాక్టరీలో 2003 నుంచి 2006 దాకా తయారైంది. 5.7 లీటర్ల ఇంజన్, 8,000 ఆర్‌పీఎం దగ్గర 612 హార్స్ పవర్, బరువు 1,380 కిలోలు, గంటకు 330 కిలోమీటర్ల వేగం. గేర్లు ఆరు, మాన్యువల్ ఒక్కటే, ఆటోమేటిక్ అసలు ఇవ్వలేదు. అప్పట్లో అమెరికాలో ధర 4,40,000 డాలర్లు. గేరు రాడ్ మీద ఉండే గుండు చెక్కతో చేసింది, పాత 917 రేసు కారులో ఉన్న చెక్క గుండుకి గుర్తుగా పెట్టారు. వేసవిలో ఎండలో నిలబెట్టిన బండిలో కూడా అది చేతికి కాలదు, నాకు లోపల అన్నిటికన్నా నచ్చింది అదే.

ఇక నడపడం సంగతి. మొదటి టెన్షన్ క్లచ్‌తోనే. ఇంజన్‌ని వీలైనంత కిందికి దించి కూర్చోబెట్టడం కోసం సిరామిక్‌తో చాలా చిన్న క్లచ్ పెట్టారు, వ్యాసం 17 సెంటీమీటర్లు కూడా ఉండదు. మామూలు కారులోలాగా యాక్సిలరేటర్ తొక్కుతూ క్లచ్ వదిలితే బండి గట్టిగా ఎగిరి ఆగిపోతుంది, లేదంటే క్లచ్ కాలుతుంది. యాక్సిలరేటర్ జోలికే పోకుండా క్లచ్‌ని మెల్లగా వదలాలి, ఇంజన్ తనంతట తనే కారుని కదుపుతుంది, అది పూర్తిగా పట్టాకే కాలు నొక్కాలి. ఇది అలవాటైతే సిగ్నల్ దగ్గర కూడా ఇబ్బంది లేదు. అలవాటు కావాలంటే నడపాలి కదా, ఏడాదికోసారి బయటికి తీసే మనిషికి ఇది ఎప్పటికీ చేతకాదు. అలాంటివాళ్ల చేతిలోనే క్లచ్‌లు త్వరగా పోతాయి, మార్చడానికి పదుల వేల డాలర్లు అవుతుంది.

వుడ్‌సైడ్ పైన స్కైలైన్ బులవార్డ్ మీద, రెడ్‌వుడ్ చెట్ల మధ్య, రెండో గేరులో 5,000 దాటాక ఈ ఇంజన్ గొంతు మారిపోతుంది. కింద గరగరమని మొరటుగా ఉండేది, పైకి పోయేకొద్దీ సన్నబడి ఒకటే పొడుగు కేకలా మారుతుంది. కాలు తియ్యగానే ఆర్‌పీఎం ఎంత త్వరగా పడిపోతుందంటే తర్వాతి గేరు కాస్త ఆలస్యంగా వేస్తే బండి కుదుపుతుంది. ఇందులో స్టెబిలిటీ కంట్రోల్ లేదు, ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ మాత్రం ఉన్నాయి. అంటే వెనక చక్రాలు మలుపులో జారితే సర్దుకోవాల్సింది మనమే. భయం ఉంది, ఉండాలి కూడా. కానీ స్టీరింగ్ రోడ్డు మీద ప్రతి గతుకునీ చేతికి చెప్తుంది, రెండు పైకప్పు పలకలు తీసి ముందు డిక్కీలో పెట్టేస్తే ఆ శబ్దమంతా నేరుగా చెవుల్లోకే వస్తుంది. ఫొటోల్లో ఇదేదీ ఉండదు.

దాచేవాళ్ల వాదన కూడా న్యాయంగా చెప్పాలి. డబ్బు నిజమే. ఈ కారు ధర ఇప్పుడు పది లక్షల డాలర్లు దాటింది, బాగా తక్కువ మైళ్లు తిరిగినవి దానికి రెట్టింపు దగ్గరగా కూడా పోయాయి. కొన్న కొత్తల్లో అన్న నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "తమ్ముడూ, ఒక్కో మైలుకి ఎంత పోతుందో లెక్కేశావా?" అని. ఆ భయం తప్పని నేను అనలేదు. 2021 ఆగస్టులో పెబుల్ బీచ్ వేలంలో మెక్‌లారెన్ కంపెనీ ఎఫ్1 అనే రోడ్డు కారు ఒకటి రెండు కోట్ల నాలుగు లక్షల డాలర్లకు పైగా పలికింది, అది పాతికేళ్లలో 400 కిలోమీటర్లు కూడా తిరగలేదు. వింటే ఎవరికైనా తాళం వేసెయ్యాలనే అనిపిస్తుంది.

కానీ అదే మోడల్ ఎఫ్1 ఇంకోదాన్ని బ్రిటిష్ నటుడు రోవన్ అట్కిన్సన్ ఏం చేశాడో చూడండి. 1997లో 5,40,000 పౌండ్లకు కొన్నాడు. 41,000 మైళ్లు నడిపాడు. రెండుసార్లు గుద్దాడు, 2011 ప్రమాదం తర్వాత రిపేరుకే ఇన్సూరెన్స్ కంపెనీ తొమ్మిది లక్షల పౌండ్లకు పైగా కట్టింది. ఇంత జరిగాక 2015లో 80 లక్షల పౌండ్లకు అమ్మాడు. పద్దెనిమిదేళ్లు అనుభవించి, కొన్నదానికి పదిహేను రెట్ల దాకా వెనక్కి తెచ్చుకున్నాడు. దాచి ఉంటే ఇంకా ఎక్కువ వచ్చేదేమో, అది వేరే సంగతి. నడిపితే డబ్బంతా పోతుందనేది మాత్రం ఉత్త మాట. అయినా కొన్ని కార్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే మిగిలి ఉండాలనే మాట నేనూ ఒప్పుకుంటాను. ముందు ముందు బాగుచేసేవాళ్లకి పెయింట్, కుట్లు, బోల్టుల మీద గుర్తులు అసలు ఎలా ఉండేవో చూడటానికి ఒక నమూనా కావాలి. అందుకు పది కార్లు చాలు, వెయ్యి అక్కర్లేదు. స్టట్‌గార్ట్‌లోని పోర్షే మ్యూజియమే తన పాత కార్లని బయటికి తీసి ర్యాలీల్లో నడుపుతుంది.

అసలు విషయం ఇక్కడుంది, దయచేసి ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. కదలని కారులో టైర్ల రబ్బరు గట్టిపడుతుంది. పైకి అరుగుదల కనిపించదు, నల్లగా నిగనిగలాడుతూ కొత్తవాటిలాగే ఉంటాయి, పట్టు మాత్రం ఉండదు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఇక్కడి పెట్రోల్‌లో పది శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది, అది ట్యాంకులో నెలల తరబడి ఉంటే తేమ పడుతుంది, పాత హోస్‌లు, సీల్స్ దెబ్బతింటాయి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. కొంతమంది నెలకోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేస్తారు, అది ఇంకా చెడ్డది, ఆయిల్ వేడెక్కకముందే ఆపేస్తే లోపల చేరిన నీరు ఆవిరై పోదు.

2013 నవంబర్ 30న లాస్ ఏంజిల్స్ దగ్గర శాంటా క్లరిటాలో నటుడు పాల్ వాకర్ చనిపోయింది ఈ మోడల్ కారులోనే. నడిపిన ఆయన స్నేహితుడు కూడా పోయాడు. 45 మైళ్ల లిమిట్ ఉన్న రోడ్డు మీద 80 నుంచి 93 మైళ్ల వేగంతో వెళ్లారని దర్యాప్తులో తేలింది, వేగమే కారణమన్నారు. అదే దర్యాప్తులో ఇంకో సంగతి బయటపడింది, ఆ కారు టైర్లు దాదాపు తొమ్మిదేళ్ల పాతవి. స్టెబిలిటీ కంట్రోల్ లేని 612 హార్స్ పవర్ కారుకి తొమ్మిదేళ్ల టైర్లు. తక్కువ తిరిగిన కారు అంటే భద్రమైన కారు అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. "ఒరిజినల్ టైర్లు" అని అమ్మకం ప్రకటనలో గొప్పగా రాస్తారు చూడండి, అలాంటి బండి మీద ఇంటిదాకా కూడా రాకండి, ట్రక్కులో తెప్పించుకోండి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఈమధ్య పోర్షే, మిషెలిన్ కలిసి ఈ కారు కోసమే పైలట్ స్పోర్ట్ కప్ 2 టైరు తెచ్చాయి. వాటితో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ మీద రేసర్ యోర్గ్ బెర్గ్‌మైస్టర్ 2004లో వాల్టర్ రోల్ పెట్టిన టైము కంటే సుమారు 16 సెకన్లు తగ్గించాడు. మారింది ముఖ్యంగా రబ్బరే. ఇరవై ఏళ్ల కారుకి కంపెనీ ఇంకా కొత్త టైర్లు చేసి ట్రాక్ మీదికి పంపుతోందంటే, నడిపేవాళ్లు ఉన్నారనే కదా.

ఒక హెచ్చరిక మాత్రం చెయ్యాలి. 2023లో కరెరా జీటీలు నడపడం ఆపేయమని పోర్షేనే ఓనర్లకి చెప్పింది. సస్పెన్షన్‌లోని గుండ్రటి జాయింట్లు తుప్పు, ఒత్తిడి కలిసి పగిలే ప్రమాదం ఉందని తేలింది, ఉప్పు తగిలితే మరీనూ. మన విశాఖ బీచ్ రోడ్డు ఇళ్లలో ఇనప గేట్లని తుప్పు ఎంత త్వరగా తినేస్తుందో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. జాయింట్లు కంపెనీయే ఉచితంగా మార్చింది. మీరు చూస్తున్న బండికి ఆ పని అయిందో లేదో కాగితం చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

హైదరాబాద్ నుంచి అడిగేవాళ్లకి: ఈ కారు ఎడమ స్టీరింగ్‌తోనే వచ్చింది, మూడేళ్లు దాటిన వాడిన కార్లు మన దేశంలోకి మామూలు దారిలో దిగుమతి కానివ్వరు, కాబట్టి దీని మీద ఆశ పెట్టుకోవద్దు. కానీ అక్కడ 911 జీటీ3లూ, లంబోర్గినీలూ ఉన్నవాళ్లకీ ఈ మాటలన్నీ వర్తిస్తాయి. ఊళ్లో స్పీడ్ బ్రేకర్ల సంగతి నాకు తెలుసు. అయినా ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు మీద, లిమిట్‌లోనే, ఒక గంట తిప్పితే బండికి ప్రాణం ఉంటుంది. వానాకాలం నాలుగు నెలలూ కదపకుండా ఉంచడం అన్నిటికన్నా చెడ్డపని.

కొనేటప్పుడు చూడాల్సినవి: టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు, 2304 అని ఉంటే 2004లో 23వ వారం అని అర్థం. ఆరేళ్లు దాటితే ఆలోచించకుండా మార్చేయండి. క్లచ్ మందం కొలిపించండి. ఈ కారు మీద నిజంగా చేతులు పెట్టిన మెకానిక్‌తోనే చూపించండి, మామూలు పోర్షే అనుభవం చాలదు. ఇన్సూరెన్స్ ముందే ఒప్పుకున్న విలువ మీద ఇచ్చేదే తీసుకోండి, కొన్ని పాలసీల్లో ఏడాదికి ఇన్ని మైళ్లే అనే షరతు ఉంటుంది, అది చదవకుండా సంతకం పెడితే నడపడానికి కొన్న కారు నడపలేకుండా పోతుంది.

అన్న ముందు రెండు బళ్లు ఉండేవి. ఒకటి దాదాపు కొత్తది, సర్వీస్ కాగితాల మధ్య ఏళ్లకి ఏళ్లు ఖాళీ. రెండోది బాగా తిరిగింది, ముందు బంపర్ మీద రాళ్ల దెబ్బలు, సీటు అంచు కొంచెం నలిగింది, కానీ ఏ ఏడాదీ సర్వీసు తప్పలేదు. రెండోదే కొన్నారు. ధరలో తేడాతో టైర్లు, హోస్‌లు, ఫ్లూయిడ్లు అన్నీ మార్పించాక కూడా బోలెడు మిగిలింది. ఆగస్టులో మాంటెరే కార్ వీక్‌కి ట్రైలర్ ఎక్కించకుండా హైవే 1 మీద నడుపుకుంటూనే వెళ్దామంటున్నారు, పైకప్పు పలకలు తీస్తే డిక్కీలో ఇంక చోటుండదు కాబట్టి మా బ్యాగులు వెనక వదిన కారులో వస్తాయి.