కాలేజీ ఫుట్‌బాల్: పక్క ఊరితో ఆడటం మేలా, టీవీ డబ్బు వెంట వెళ్లడం మేలా?

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో యూజీన్, కోర్వాలిస్ అని రెండు ఊళ్లున్నాయి. మధ్య దూరం 65 కిలోమీటర్లు. ఒక ఊళ్లో ఓరెగాన్ యూనివర్సిటీ, రెండో ఊళ్లో ఓరెగాన్ స్టేట్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఈ రెండు జట్ల పోటీ 1894లో మొదలైంది. 2024లో ఓరెగాన్ జట్టు బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌కు వెళ్లిపోయింది. ఇప్పుడు దాని లీగ్‌లో కోర్వాలిస్ లేదు, దేశానికి అటు చివర న్యూజెర్సీలో ఉన్న రట్గర్స్ ఉంది.

అక్కడ కాన్ఫరెన్స్ అంటే కాలేజీ జట్ల లీగ్. ఒకప్పుడు పేరు వింటే ప్రాంతం తెలిసేది. 1984లో సుప్రీంకోర్టు తీర్పుతో టీవీ హక్కులు అమ్ముకునే స్వేచ్ఛ కాలేజీలకు వచ్చింది. అప్పటి నుంచి పటం మారుతూనే ఉంది. 1915లో మూలాలున్న పశ్చిమ తీరపు పాక్-12 నుంచి 2024లో పది జట్లు ఒకేసారి వెళ్లిపోయాయి. మన పిల్లలు చాలామంది ఎమ్మెస్‌కు వెళ్లే ఆరిజోనా స్టేట్ కూడా అందులో ఒకటి.

జట్లను ప్రాంతాల వారీగా మళ్లీ కలిపితే ఏం లాభం? నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది చిన్న లెక్క. పది జట్లుంటే తలా తొమ్మిది మ్యాచ్‌లతో అందరూ అందరితో ఆడేస్తారు. పాక్-12 పది జట్లతో పాక్-10గా ఉన్నప్పుడు, 2006 నుంచి 2010 వరకు అలాగే జరిగింది. ఛాంపియన్ ఎవరన్నది మైదానంలోనే తేలేది. ఇప్పుడు బిగ్ టెన్‌లో 18 జట్లు, లీగ్ మ్యాచ్‌లు మాత్రం తొమ్మిదే. అంటే ప్రతి జట్టూ ఆ సీజన్‌లో ఎనిమిది జట్లతో తలపడనే తలపడదు. ఒకరికి సులువైన షెడ్యూల్, ఇంకొకరికి కఠినమైనది పడితే పట్టికలో పై స్థానానికి విలువేం ఉంటుంది?

అయితే ప్రాంతం ఒక్కటే చూస్తే సమతూకం రాదు. బిగ్ టెన్ 2014 నుంచి 2023 వరకు తూర్పు, పడమర అని రెండు విభాగాలుగా ఆడింది. పది ఫైనల్స్‌లో పదీ తూర్పే గెలిచింది. ఒహాయో స్టేట్, మిషిగన్, పెన్ స్టేట్ మూడూ అటే ఉంటే ఇంకేం జరుగుతుంది?

డబ్బు వెంట వెళ్లడం తప్పే అనలేను. బిగ్ టెన్ 2022లో కుదుర్చుకున్న టీవీ ఒప్పందం ఏడేళ్లకు సుమారు 700 కోట్ల డాలర్లు. 2025 నుంచి ఆటగాళ్లకు కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు కాబట్టి ఖర్చూ పెరిగింది. పైగా టెక్సస్ ఎస్ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్)లో చేరడం వల్లే 2011లో ఆగిపోయిన టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం మ్యాచ్ 2024లో తిరిగి వచ్చింది. కానీ టెక్సస్‌తో పాటే ఓక్లహోమా వెళ్లడంతో, ఏటా ఓక్లహోమా స్టేట్‌తో జరిగే మ్యాచ్ 2023తో ఆగిపోయింది.

నన్ను బాధపెట్టేది ఫుట్‌బాల్ ప్రయాణం కాదు. వాళ్లకు సీజన్‌లో 12 మ్యాచ్‌లు, వారానికి ఒకటి, ప్రత్యేక విమానం. భారమంతా వాలీబాల్, సాఫ్ట్‌బాల్ పిల్లల మీద పడుతోంది. వాళ్ల మ్యాచ్‌లు ఎక్కువ. టీవీ ఒప్పందం ఫుట్‌బాల్ కోసం కుదిరితే, మూడు గంటల టైమ్ తేడా దాటి వెళ్లి ఆడి, తిరిగొచ్చి క్లాసులో కూర్చోవాల్సింది వీళ్లు. పశ్చిమ తీరాన కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు తూర్పు తీరపు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏసీసీ)లో ఉంది!

అందుకే నా ఓటు మూడో దారికి. ఫుట్‌బాల్‌ను విడదీసి టీవీ ఒప్పందాలకు వదిలేయాలి, మిగతా ఆటలన్నీ దగ్గరి కాలేజీలతో ఆడించాలి. ఇదేం కొత్త కాదు. నోటర్ డేమ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేదు, బాస్కెట్‌బాల్‌తో సహా చాలా ఆటలు మాత్రం ఏసీసీలో ఆడుతుంది. యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) ఫుట్‌బాల్‌లో విడిగా ఉండి, బాస్కెట్‌బాల్ బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడుతోంది.

ఫుట్‌బాల్‌కు కూడా ఒక షరతు పెట్టాలి. ఓరెగాన్‌కు ఉన్న 12 మ్యాచ్‌లలో లీగ్‌కు తొమ్మిది పోగా మూడు మిగులుతాయి. ఆ మూడింటిలో ఒకటి ఏటా తప్పకుండా ఓరెగాన్ స్టేట్‌తోనే ఆడాలి, ఒక ఏడాది యూజీన్‌లో, ఇంకో ఏడాది కోర్వాలిస్‌లో.