కుక్కలతో శాన్ వాన్ దీవులు: లంగరు వేయదగ్గ చోట్లు, తప్పుకోవలసినవి

సియాటిల్‌కు ఉత్తరాన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న శాన్ వాన్ దీవుల్లో లంగరు వేసుకోవడానికి చోట్లకు కొదవ లేదు. పడవలో కుక్క ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది. గైడు పుస్తకాలు గాలి మరుగు, అడుగు నేల, సూర్యాస్తమయం చూసి మెచ్చుకుంటాయి. కుక్కకు అవేవీ అక్కర్లేదు. నీళ్ళు బాగా తీసేసిన వేళ కూడా డింగీ (ఒడ్డుకు చేర్చే చిన్న పడవ) ఆనించి దిగగలిగే ఒడ్డు ఉంటే చాలు. చోటును ముందు ఆ కన్నుతో చూడండి, మిగతావి తర్వాత.

సియాటిల్ పక్కన బెల్వ్యూ, రెడ్మండ్ వైపు మనవాళ్ళు ఎక్కువగా ఎనకార్టెస్‌లోనో బెల్లింగ్‌హామ్‌లోనో పడవ అద్దెకు తీసుకుంటారు. కుక్కను తెస్తున్నామని బుకింగ్ రోజే చెప్పండి. కొన్ని పడవల యజమానులు అసలు ఒప్పుకోరు, ఒప్పుకున్నవాళ్ళు శుభ్రం చేసే ఖర్చు విడిగా వేస్తారు. పెద్ద కుక్క ఉంటే తెరచాప పడవ వద్దు. లోపలికి దిగే నిట్టనిలువు మెట్లు లాబ్రడార్ దిగదు, ఎత్తుకుని దింపాలి. వెనక నీటిమట్టానికి వెడల్పైన పలక ఉన్న ట్రాలర్ రకం మోటారు పడవ మేలు, అక్కడి నుంచి డింగీలోకి ఒక్క అడుగే. వీపు మీద పట్టీ ఉన్న లైఫ్ జాకెట్ కుక్కకు తప్పదు. వేసవిలోనూ ఇక్కడి నీళ్ళు పది డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగానే ఉంటాయి, పడ్డ కుక్కను పట్టీ పట్టి లాగడమే దారి.

పడవ మీదే కుక్క మలమూత్రాల పని కానిచ్చుకోవడానికి రెండడుగులకు మూడడుగుల ప్లాస్టిక్ గడ్డి ముక్క చాలు. ఒక మూలన రింగు బిగించి తాడు కట్టి ముందు డెక్ మీద పరచండి, వాడాక సముద్రంలో ముంచి లాగితే శుభ్రం. చిక్కల్లా అలవాటు దగ్గరే. బయల్దేరే ముందు కొన్ని వారాల పాటు ఇంటి పెరట్లో అదే ముక్క మీద, అదే మాటతో అలవాటు చేయాలి. పడవ ఎక్కాక మొదలుపెడితే కుక్క రోజంతా బిగబట్టుకుని కూర్చుంటుంది. అలవాటైనా సరే, పొద్దునా సాయంత్రం ఒడ్డుకు తీసుకెళ్ళక తప్పదు.

ఇక ఆటుపోట్లు. ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు, అయితే ఏ రెండూ ఒకే ఎత్తున ఉండవు. పెద్ద ఆటు, పెద్ద పోటు మధ్య తేడా కొన్ని రోజుల్లో పదడుగులు దాటుతుంది. వేసవిలో బాగా లోతుగా తీసే ఆటులు పట్టపగలే వస్తాయి, అంటే సరిగ్గా మీరు కుక్కతో ఒడ్డున ఉండే వేళకే. పల్లంగా ఉన్న బురద తీరంలో నీరు ఒక్క అడుగు దిగినా అంచు బారలకొద్దీ వెనక్కి పోతుంది. డింగీని నీటి అంచున వదిలి గంట నడిచొస్తే అది బురదలో కూర్చుని ఉంటుంది. మోటారుతో కలిపి దాన్ని ఈడ్చడం ఇద్దరి వల్ల కాదు. అందుకే డింగీకి చక్రాలుండాలి, లేదా ఒకరు డింగీతో నీళ్ళలోనే ఉండాలి. పోటు ఎక్కే వేళ ముప్పు ఇంకోటి: తాడు కట్టకపోతే డింగీ కొట్టుకుపోతుంది. నీటి గీతకు బాగా పైన ఉన్న దుంగకు కట్టండి.

లంగరు తాడు లెక్క కూడా పోటును బట్టే. చార్టులో (సముద్ర పటంలో) లోతు ఆటు మట్టానికి రాసి ఉంటుంది. చార్టులో 15 అడుగులు, పోటుకు పెరిగేది 9, నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు 4 అనుకుంటే మొత్తం 28. గొలుసైతే దానికి అయిదింతలు, 140 అడుగులు వదలాలి. గొలుసు తక్కువ, తాడే ఎక్కువ ఉంటే ఏడింతలు. వచ్చినప్పటి నీళ్ళు చూసి 15కే లెక్క వేస్తే అర్ధరాత్రి లంగరు జారుతుంది. సముద్రపు గడ్డి ఉన్న చోట లంగరు వేయొద్దు: గడ్డి పాడవుతుంది, లంగరూ నాటుకోదు. బురద దొరికితే అదృష్టం.

కుక్కలతో వెళ్ళేవారికి మా మొదటి ఓటు స్టూవర్ట్ దీవిలోని రీడ్ హార్బర్‌కు. పొడవాటి కయ్య, నోరు ఆగ్నేయానికి, అడుగు బురద. వేసవి గాలి ఎక్కువగా పడమర, వాయువ్యాల నుంచి కాబట్టి రాత్రి నిశ్చింత. స్టేట్ పార్కు డాకు (పడవ ఆనించే వేదిక), పడవ కట్టుకునే తేలుడు బోయ్‌లు ఉన్నాయి, మురుగు తోడించుకునే తేలుడు వేదిక కూడా. డాకు మీద దిగితే బురదతో పని లేదు. కయ్య చివరి తీరం మాత్రం ఆటుకు బురద మైదానమే. 1893 నాటి టర్న్ పాయింట్ దీపస్తంభానికి నడక పోనూ రానూ సుమారు ఆరు మైళ్ళు. కుక్క అలిసి పడుకోవాలంటే ఇంతకన్న మంచి మందు లేదు. ఆగ్నేయపు గాలి సూచన ఉంటే దీవి ఉత్తరాన ప్రివోస్ట్ హార్బర్‌కు మారండి.

సూషియా అందరూ పొగిడే దీవి, పొగడ్తకు తగిందే. ఫాసిల్ బేలో రెండు డాకులు, అక్కడి నుంచి సన్నటి మెడ లాంటి నేల దాటితే ఫాక్స్ కోవ్, ఎటు చూసినా కాలిబాటలు. వాషింగ్టన్ రాష్ట్రంలో దొరికిన మొదటి డైనోసార్ ఎముక ఇక్కడిదే (2012లో దొరికింది). శిలాజాలు ఏరుకోవడం నేరం, కుక్క నోట కరుచుకొస్తే అక్కడే వదిలేయండి. ఎకో బే పెద్దది, కానీ ఆగ్నేయానికి తెరుచుకుని ఉంది, అలల ఊపు లోపలిదాకా వస్తుంది. షాలో బేకు అందం ఎక్కువ, పేరుకు తగ్గట్టే లోతు తక్కువ, పడమర గాలికి అడ్డు లేదు. జులై, ఆగస్టుల్లో ప్రశాంతత కోరి ఇక్కడికి రావొద్దు. సెప్టెంబరులో వస్తే వేరే లోకం.

జోన్స్ దీవిలో జింకలు మనుషులకు బెదరవు, రకూన్లు అంతకన్నా బెదరవు. పట్టీ వదిలితే కుక్క మీ చేతికి రాదు. లోపెజ్ దీవిలోని స్పెన్సర్ స్పిట్ ఇసుక తిన్నె మీద ముసలి కుక్కను దింపడం తేలిక. అయితే కార్లలో వచ్చేవాళ్ళ సందడి ఉంటుంది, ఫెర్రీల అలలు పడవను ఊపుతాయి.

పార్కు బోయ్‌లకు రిజర్వేషన్ లేదు, ముందొచ్చినవారిదే. రుసుము మధ్యాహ్నం ఒంటిగంట నుంచి లెక్క, కవరులో డబ్బు పెట్టి ఒడ్డున పెట్టెలో వేయాలి. పార్కుల్లో కుక్క పట్టీ ఎనిమిది అడుగులు మించకూడదు. చెత్తతో పాటు కుక్క మలమూ మీతోనే తిరిగి రావాలి. మటియా, టర్న్ దీవులు వన్యప్రాణి శరణాలయంలో భాగం, కుక్కలున్నవారు వాటిని జాబితాలోంచి కొట్టేయడం మంచిది. యెల్లో దీవిలో కుక్కలకు ప్రవేశం లేదు. శరణాలయపు రాళ్ళు, చిన్న దీవులకు 200 గజాల దూరం పాటించాలి. వేసవిలో తీరాన ఒంటరిగా పడుకున్న సీల్ పిల్ల అనాథ కాదు, తల్లి వేటకు వెళ్ళింది. కుక్కను వెనక్కి లాగేయండి.

అన్నిటికన్నా పెద్ద ముప్పు ఒడ్డున పడి ఉన్న పచ్చి సాల్మన్. అందులోని పరాన్నజీవి మోసుకొచ్చే బాక్టీరియాతో కుక్కలకు వచ్చే జబ్బు ఈ ప్రాంతానికే ప్రత్యేకం. తిన్న వారం లోపే సాధారణంగా జ్వరం, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. చికిత్స లేకపోతే చాలా కుక్కలు బతకవు. మందులు వెంటనే పడితే కోలుకుంటాయి కనుక చేప తిన్న సంగతి డాక్టరుకు మొదటే చెప్పాలి. ఆల్చిప్పలు పాదాలు కోస్తాయి, బూట్లు తొడగండి. ఇరుకు వంటగదిలో మన వంట చేసేటప్పుడు కింద పడే ఉల్లిపాయ ముక్కలు, పాయసంలోకి తెచ్చిన కిస్‌మిస్ కుక్కకు విషమే.

పడవ మరుగుదొడ్డి మురుగు ట్యాంకు విషయంలో సడలింపు లేదు: 2018 నుంచి ఈ జలాల్లో శుద్ధి చేసిందైనా వదలకూడదు. శాన్ వాన్ దీవిలోని రోష్ హార్బర్‌లో మురుగు తోడే పడవ మన దగ్గరికే వస్తుంది.

కెనడా వైపు గల్ఫ్ దీవులకు దాటాలనుకుంటే కుక్క రేబిస్ టీకా సర్టిఫికెట్ వెంట ఉండాలి. తిరిగి అమెరికాలోకి రావడానికి 2024 ఆగస్టు నుంచి నిబంధన మారింది: కుక్కకు ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, సీడీసీ (అమెరికా ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ) ఫారం ఆన్‌లైన్లో నింపిన రసీదు చూపాలి. కయ్యల్లో ఫోన్ సిగ్నల్ నమ్మలేం కాబట్టి ఆ పని ఇంటి దగ్గరే ముగించి, ఒక ప్రింటు పడవ కాగితాలతో పాటు పెట్టుకోండి.