క్యాబినెట్ ఫ్యాన్లకు ఎస్‌ఎంపీఎస్ నుంచే కరెంటు: మూడు పద్ధతులూ ఏళ్ల తరబడి వాడాక

నా కంప్యూటర్ క్యాబినెట్‌లో ఫ్యాన్లు ఐదు. మదర్‌బోర్డు మీద ఫ్యాన్ హెడర్లు (ఫ్యాన్ వైరు తగిలించే పిన్నులు) రెండే, అందులో ఒకటి ప్రాసెసర్ కూలర్‌కే పోతుంది. కాబట్టి మిగతావాటికి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ మొత్తానికీ కరెంటిచ్చే పవర్ సప్లై పెట్టె) నుంచి కరెంటు తీసుకోక తప్పలేదు. మోలెక్స్, ఏడు వోల్టుల చిట్కా, సాటా పవర్‌తో (డిస్కులకు కరెంటిచ్చే వైరుతో) నడిచే హబ్, అంటే చాలా ఫ్యాన్లను ఒకేచోట తగిలించే చిన్న పెట్టె. ఈ మూడింటినీ విజయవాడ ఎండల్లో, ఇక్కడి దుమ్ములో బాగానే వాడాను. తిరగడం వరకైతే మూడింటితోనూ తిరుగుతాయి. తేడా అంతా తర్వాత తెలుస్తుంది.

ముందు మోలెక్స్ సంగతి. నాలుగు లావు పిన్నుల పాత కనెక్టర్ ఇది. పసుపు వైరు 12 వోల్టులు, ఎరుపు 5, మధ్యలో నలుపు రెండూ గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి. మూడు పిన్నుల ఫ్యాన్‌లో మాత్రం సాధారణంగా ఎరుపు 12 వోల్టులది, పసుపేమో వేగం చెప్పే ట్యాకో వైరు. తెలియక రంగుకు రంగు కలిపి టేపు చుట్టేస్తే 12 వోల్టులు వెళ్లి ట్యాకో మీద పడతాయి. అందుకే వైరు కోసే పని పెట్టుకోకుండా రెడీమేడ్ అడాప్టర్ కొన్నాను.

అసలు చిరాకు దాన్ని దూర్చేటప్పుడే. ప్లాస్టిక్ గూట్లో పిన్నులు వదులుగా ఊగుతుంటాయి. కాస్త వంకరగా నొక్కితే ఒక పిన్ను వెనక్కి జారిపోతుంది, పైకి మాత్రం కనెక్టర్ పూర్తిగా కూర్చున్నట్టే కనిపిస్తుంది. వెనక నుంచి వైర్లను వేళ్లతో అదిమి పట్టుకుని నొక్కాలి. ఇక ఊడదీయడమంటే గోళ్లు పోతాయి.

నేరుగా 12 వోల్టులు అందుతాయి కాబట్టి ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్ స్పీడే. మే నెల మధ్యాహ్నం వీడియో రెండరింగ్ పెట్టినప్పుడు మంచిదే. డిసెంబరు రాత్రి ఊరికే బ్రౌజర్ తెరిచి కూర్చున్నా అదే హోరు. దాన్ని భరించొచ్చు గానీ, ట్యాకో వైరు మదర్‌బోర్డుకు వెళ్లదు కనుక ఫ్యాన్ ఆగిపోయినా చెప్పే నాథుడు ఉండడు. నా వెనక ఫ్యాన్ అలాగే ఆగింది. గేమ్ ఆడుతుంటే గ్రాఫిక్స్ కార్డు మామూలు కన్నా ఎక్కువ వేడి చూపిస్తోందని పక్క డోరు తీశాను. రెక్కల అంచుల వెంట దుమ్ము అట్టకట్టి ఉంది, వేలితో తిప్పితే అర చుట్టు కూడా తిరగలేదు. ఎన్నాళ్లుగా అలా ఉందో!

హోరు తగ్గాలంటే చాలామంది చెప్పే చిట్కా ఏడు వోల్టులది. ఫ్యాన్ పాజిటివ్‌ను పసుపు వైరుకూ, గ్రౌండ్‌ను ఎరుపు వైరుకూ కలిపితే 12కీ 5కీ మధ్య తేడా 7 వోల్టులు అందుతాయి. శబ్దం నిజంగానే బాగా తగ్గింది. కాకపోతే ఫ్యాన్ గుండా వెళ్లిన కరెంటు 5 వోల్టుల లైనులోకే చేరుతుంది. ఆ లైను ఉన్నది ఇవ్వడానికి, పుచ్చుకోవడానికి కాదు. ఎస్‌ఎస్‌డీలు, యూఎస్‌బీ పరికరాలు ఆ కరెంటును వాడేసుకుంటున్నంత వరకు ఫర్వాలేదు. ఫ్యాన్ లోపల షార్ట్ అయితే వాటి మీదికే 12 వోల్టులు వస్తాయి. అదీగాక కొత్తలో హాయిగా తిరిగిన ఫ్యాన్ దుమ్ము పట్టాక పొద్దున్నే మొరాయించేది, వేలితో తోస్తే గానీ కదిలేది కాదు. ఆ టెన్షన్ ఎందుకని తీసేశాను. శబ్దమే సమస్యైతే మధ్యలో రెసిస్టర్ ఉండే చిన్న అడాప్టర్ నయం, నోక్టువా వాళ్లు కొన్ని ఫ్యాన్లతో పాటే ఇస్తారు.

ఇప్పుడు వాడుతున్నది హబ్. మళ్లీ డబ్బు పెట్టి కొనాల్సి వస్తే మూడింట్లో ఇదే కొంటాను. కరెంటు ఎస్‌ఎంపీఎస్ సాటా వైరు నుంచి వస్తుంది, ఎంత వేగంగా తిరగాలో చెప్పే పీడబ్ల్యూఎం సిగ్నల్ మదర్‌బోర్డు హెడర్ నుంచి వస్తుంది. జీతం ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అన్నమాట. హెడర్ మీద భారం పడదు. పని లేనప్పుడు గదిలో సీలింగ్ ఫ్యాన్ శబ్దమే వినిపిస్తుంది.

హబ్‌కూ తిరకాసులున్నాయి. నాలుగు పిన్నుల ఫ్యాన్లకే దీని ఉపయోగం, మూడు పిన్నులది పెడితే మళ్లీ ఫుల్ స్పీడే. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఆ హెడర్ డీసీ మోడ్‌లో, అంటే వోల్టేజీ మార్చి వేగం మార్చే పద్ధతిలో ఉంటే పీడబ్ల్యూఎంకు మార్చాలి. వేగం లెక్క ఒక్క పోర్టుకు పెట్టిన ఫ్యాన్‌దే కనిపిస్తుంది. మిగతావి తిరుగుతున్నాయో లేదో అప్పుడప్పుడు టార్చి వేసి చూస్తాను.

నిజానికి ఫ్యాన్లు రెండు మూడే అయితే ఇదంతా అక్కర్లేదు. మామూలుగా ఒక హెడర్ 1 ఆంపియర్ దాకా ఇస్తుంది. నోక్టువా ఎన్‌ఎఫ్-ఏ12ఎక్స్25 లాంటి ఫ్యాన్ తీసుకునేది 0.14 ఆంపియరే, దానికి ఒక హెడర్‌ను రెండు ఫ్యాన్లకు పంచే వై స్ప్లిటర్ వైరు చాలు. లైట్ల ఫ్యాన్లయితే మాత్రం స్టిక్కర్ మీద ఆంపియర్లు చూసి లెక్క వేసుకోండి.

మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (వైర్లు విడిగా ఊడదీయగలిగేది) ఉన్నవాళ్లు ఇంకో ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన వైరు దూరింది కదా అని వాడేయొద్దు. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస కంపెనీకో రకం, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో రకం. తేడా వస్తే ఫ్యాన్‌తో పాటు అదే వైరు మీదున్న డిస్కులూ పోతాయి.

హబ్ వెనక ఇచ్చిన డబుల్ టేపు మాత్రం మొదటి వేసవికే ఊడింది. మదర్‌బోర్డు ట్రే వెనక జిప్ టైలతో బిగించాను, కదలకుండా ఉంది.